మేనమామ పొగాకు

మా పట్నం ఆస్పత్రిలో రోగి ఒంటి మీద డాక్టరు కత్తి పడటానికి వారాల ముందే, రోగి జేబులో ఉనైసి చెయ్యి పడేది.

ఉనైసి ఆపరేషన్ల వార్డులో నర్సు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. ఆపరేషనుకి పేరు రాయించుకున్నవాళ్ళ చేత పొగ మానిపించడం ఆమె పని. పొగ తాగేవాడి గాయం తొందరగా మానదు, కుట్లు చీము పడతాయి, మత్తులో ఊపిరి మొరాయిస్తుంది. ఇదంతా వరండా గోడకి బొమ్మలతో సహా అంటించి ఉండేది. ఆ కాగితంలోంచే ఒక ముక్క చింపి సుకీ చుట్టుకున్నవాణ్ణి నేను కళ్ళారా చూశాను. సుకీ అంటే ఎండబెట్టి తాడులా పేనిన నాటు పొగాకు. ఫిజీలో దాన్ని కాల్చడానికి కాగితం ఉంటే చాలు, దాని మీద ఏం రాసి ఉందో ఎవడికీ అక్కర్లేదు. డాక్టర్లు ఏం చేసేవాళ్ళంటే, చిరిగినచోట ఇంకో కాగితం అంటించేవాళ్ళు.

ఉనైసి కాగితాలు అంటించేది కాదు. వరస వెతికేది.

కొత్త రోగి బల్ల మీద కూర్చోగానే నీది ఏ ఊరు, మీ అమ్మది ఏ ఊరు అని మొదలుపెట్టేది. దీవుల వాళ్ళలో కొన్ని ఊళ్ళ మధ్య తౌవూ అనే వరస ఉంటుంది. ఆదిలో ఒకే దేవుడికి పుట్టిన ఊళ్ళట అవి. ఆ వరస కుదిరితే ఒకళ్ళనొకళ్ళు ఎంత తిట్టుకున్నా కోపం రాకూడదు. ఒకళ్ళ వస్తువు ఒకళ్ళు ఎత్తుకుపోయినా అడ్డు చెప్పకూడదు. కడుపులో రాళ్ళు తీయించుకోవడానికి వచ్చిన పెనీ అనే పడవ నడిపేవాడు తన ఊరి పేరు చెప్పాడో లేదో, ఆమె మొహం వెలిగిపోయింది.

"ఓహో! చచ్చిన పీతలు ఏరుకు తినే ఊరు కదూ మీది?"

పెనీ ఇంత నోరు తెరిచి నవ్వాడు. "మరి మీరో? మేం పారేసిన డిప్పలు నాకే ఊరు కదూ!"

"నాకిన నోరే ఇది. లే, లేచి నిలబడు." అంటూనే అతని చొక్కా జేబులోంచి పొగాకు లాగేసింది.

"అయ్యో, అది ఇవాళ పొద్దున్నే కొన్నది!"

"ఇప్పుడు నాది. ఆ చెవి మీద పెట్టుకున్నది కూడా ఇటివ్వు. మీ తాత బతికుంటే నాకు పందిని కోసి పెట్టేవాడు. నువ్వు పీక ముక్కకి ఏడుస్తున్నావు."

"ముసలి దొంగా!"

"రేపు మళ్ళీ వస్తా. బాగా దాచిపెట్టు. వెతుక్కోవడం నాకు సరదా."

పెనీ రోజూ దాచాడు, రోజూ పోగొట్టుకున్నాడు, చివరికి విసుగొచ్చి కొనడమే మానేశాడు. అప్పుడు ఊదే యంత్రం చేతికిచ్చింది. ఊపిరిలో పొగ ఉంటే ఎర్రదీపం, లేకపోతే పచ్చదీపం. పెనీకి పచ్చది వెలిగింది. "చూశావా, మీ ఊరివాళ్ళకి కూడా ఊపిరితిత్తులు ఉన్నాయి," అంది.

నాకు ఏ దేవుడూ చుట్టరికం కలపలేదు. మా ముత్తాత చెరకు కొట్టడానికి ఈ దీవులకి ఓడలో వచ్చినవాడు. మా నాన్న ముప్పై ఏళ్ళు కౌలుకి చేసిన పొలం, గడువు తీరిందని, నేల ఎవరిదో వాళ్ళ చేతికి తిరిగిపోయింది. వచ్చేటప్పుడు నాన్న ఇంటి గుమ్మాన్ని ఊడదీసి లారీలో వేయించాడు. అది ఇప్పటికీ, మేం వెళ్ళి తలదాచుకున్న బాబాయి కొట్టు వెనక వానకి తడుస్తూ పడి ఉంది. ఏ ఇంటికీ చెందని గుమ్మం. ఆ తర్వాత నేను లారీలకి చెరకు మోశాను, గజ్జల్లో పేగు జారింది. ఆపరేషన్ చెయ్యాలి, కానీ నీ దగ్గు తగ్గితేనే అన్నారు. దగ్గు తగ్గాలంటే సిగరెట్ మానాలి.

పట్నం లైబ్రరీ మూసేసినప్పుడు పుస్తకాలు బస్తాల్లెక్కన అమ్మేశారు. నేను చదువుకున్నదంతా ఆ బస్తాల్లోదే. ఆ చదువంతా పోగేసుకుని ఉనైసితో వాదించాను. నేలా ఇల్లూ లేనివాడికి సొంతమంటూ మిగిలింది ఈ పొగ ఒక్కటే, దాన్ని కూడా లాక్కుంటే మనిషిలో ఏం మిగులుతుంది అన్నాను. ఆమె చివరిదాకా వింది.

"మాటలు చాలా బాగున్నాయి మరిదీ. దగ్గు వచ్చినప్పుడు ఇవే మాటలు నీ కుట్టుకి వినిపించు. తెగకుండా ఆగుతుందేమో."

"మరిదేంటి?"

"మీవాళ్ళలో వదినకి మరిదిని ఏడిపించే హక్కు ఉందట కదా? నాకు పెళ్ళి కాలేదు, మొగుడు లేడు, ఆ మొగుడికి తమ్ముడూ లేడు. ఆ ఖాళీలో నిన్ను పెట్టుకున్నా. జేబు చూపించు."

నాకు అన్న లేడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆ పూట ఎక్కడినుంచో ఒక వదిన ఊడిపడింది. బాబాయి కొట్టులో సిగరెట్లు అమ్ముతారని తెలిసి, దూరం నుంచి వచ్చే రోగుల కోసం ఆస్పత్రి వెనక కట్టిన పొడుగాటి షెడ్డులో నాకో మంచం ఇప్పించింది. పొద్దున్నే వచ్చి, "మరిదీ, రాత్రి కల్లోకి ఎవరొచ్చారు, పిల్లా, సిగరెట్టా?" అని అందరి ముందూ అడిగేది. నేను మొహం మాడ్చుకునేవాణ్ణి. ఆమె రావడం ఆలస్యమైతే మాత్రం తలుపు వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి.

పొగ మీదికి మనసు లాగినప్పుడు ఏం చెయ్యాలో ఆమె చెప్పే పద్ధతి ఒకటే. "అలతో కొట్లాడితే అది నిన్ను రాళ్ళ మీదికి విసిరేస్తుంది. నురగ తెల్లగా కనిపించగానే కిందికి మునుగు. అది నీ వీపు మీంచి వెళ్ళిపోతుంది. తర్వాత తేలి ఊపిరి పీల్చుకో." సముద్రమంటే నాకు భయం, నేను చెరకు తోటల్లో పెరిగినవాణ్ణి. అయినా ఆ మాట పనిచేసింది.

అలాంటప్పుడు షెడ్డులోకి ఇసిరెలి వచ్చాడు.

జుట్టు నెరిసిన పెద్దమనిషి. వాళ్ళ దీవిలో సముద్రపు రాతిదిబ్బ మీద చేపలు పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడట. ఎడమ కాలి వేళ్ళు నల్లబడి ఉన్నాయి. కాలికి నెత్తురు తీసుకెళ్ళే నాళం పొగాకు వల్ల పూడిపోయింది. పై దేశం నుంచి డాక్టర్లు రాబోతున్నారు, వాళ్ళు పక్క నుంచి ఇంకో నాళం అతుకుతారు. అయితే పచ్చదీపం వెలిగినవాళ్ళకే. ఎర్రదీపం వస్తే అతికింది నిలవదు, అప్పుడు ఇక్కడి డాక్టరే మోకాలి కింద కాలు తీసేస్తాడు. కత్తి ఎలాగూ తప్పదు. కాలు ఉంటుందా పోతుందా అన్నదే తేలాలి.

ఆయన మంచం నా పక్కనే. చొక్కా జేబులో సుకీ చుట్ట పైకే కనిపిస్తోంది. ఉనైసి వచ్చింది. ఇక చూడాలి తమాషా అని మోచేతి మీద లేచి కూర్చున్నాను. ఆమె ఆ మంచం దగ్గరికి రాగానే తల వంచుకుని, చూపు నేల మీద పెట్టి, దాటి వెళ్ళిపోయింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"ఏమైంది వదినకి?" అని ఎదుటి మంచం మీదున్న పెనీని అడిగాను.

"ఆయన ఆమె అన్న."

"సొంత అన్నా?"

"ఒక్క తల్లి బిడ్డలు. అందుకే మాట్లాడకూడదు."

తౌవూ ఊళ్ళవాళ్ళందరితో వేళాకోళం ఆడొచ్చు కానీ, పెద్దయ్యాక అన్నాచెల్లెళ్ళు నేరుగా మాట్లాడుకోకూడదు. ఒకళ్ళ వస్తువు ఒకళ్ళు ముట్టుకోకూడదు. అది పగ కాదు, గౌరవం. అన్నిటికంటే పెద్ద గౌరవం. మనుషుల్ని దూరం పెట్టడానికి ప్రతి జాతీ ఒక మంచి పేరు కనిపెట్టుకుంటుందని నాకనిపించింది.

ఉనైసి మొదట ఆయన్ని ఇంకో నర్సుకి అప్పగించింది. ఆ నర్సు గోడ మీది కాగితాన్ని చదివి వినిపించింది. ఆయన మర్యాదగా విని, ఎర్రదీపం ఊదాడు. కుర్ర డాక్టరు ఉనైసి మీద విసుక్కున్నాడు. "మీ అన్నే కదా, గట్టిగా చెప్పొచ్చుగా?"

"నర్సుని కాకముందు నేను చెల్లెల్ని డాక్టర్," అంది. "నేను ఎదురుగా నిలబడి మాట్లాడానంటే సిగ్గుతో మధ్యాహ్నం పడవకే వెళ్ళిపోతాడు. కాలు కుళ్ళబెట్టుకుంటాడు కానీ నా మొహం చూడడు."

మర్నాటి నుంచి నా మంచం అంచున కూర్చుని, నా వైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది.

"మరిదీ, ఆ పెద్దాయనకి చెప్పు, నిన్న సాయంత్రం షెడ్డు వెనక పొగ లేచిందని."

నేను తల తిప్పాను. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ, "ఆవిడకి చెప్పు, దోమలకి పొగ వేశానని," అన్నాడు.

"ఆయనకి చెప్పు, దోమలు కుట్టి కాలి వేళ్ళు నల్లబడవని."

"ఆవిడకి చెప్పు, నా వేళ్ళు నా ఇష్టమని."

"ఇద్దరూ చెవిటివాళ్ళు కాదు కదా, మధ్యలో నేనెందుకు?" అన్నాను.

"మధ్య గోడ ఎక్కడైనా ఎందుకని అడుగుతుందా? నోర్మూసుకుని చెప్పు," అంది ఉనైసి.

ఒక మధ్యాహ్నం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, పచ్చి మామిడికాయ తరుగుతూ నాకు చెప్పింది. ఉప్పూ కారం అద్దిన ముక్కలు మా అందరి నోళ్ళకీ ఆమె ఇచ్చే మందు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కొబ్బరి కోరుతూ, చేతులు ఖాళీ లేక, "సుకీ వెలిగించుకు రండి పిల్లలూ," అనేదట. ఇద్దరూ పొయ్యి దగ్గర గొంతుక్కూర్చునేవాళ్ళు. అది అంటుకోవాలంటే ఎవరో ఒకరు పీల్చాలి. ఒకసారి అన్న, ఒకసారి చెల్లెలు. "ఉనా, నీ వంతు," అనేవాడట. దగ్గు వచ్చి, కళ్ళనీళ్ళు వచ్చి, నవ్వు వచ్చి, అమ్మ దగ్గరికి చేరేసరికి సగం కాలిపోయేది. అలలో మునగడం నేర్పింది కూడా ఆయనే. ఒకనాడు ఆయన్ని పెద్ద మగపిల్లల్లో కలిపారు. సాయంత్రం ఇంటికొస్తే అమ్మ ఈమెను పక్కకి పిలిచి, ఇక అన్నతో మాట్లాడకూడదు అంది.

"ఆ పొద్దున ఏదో కథ సగం చెప్పి వెళ్ళాడు. మిగతా సగం ఇంకా నాకు తెలీదు," అంది. "నర్సింగులో చేరాక నేనూ కాల్చాను. డ్యూటీ దిగి గోడ వెనక నిలబడి ఒక పీల్పు పీల్చి, పక్కకి చెయ్యి చాపేదాన్ని. అందుకోవడానికి ఎవరూ ఉండేవాళ్ళు కాదు. కాల్చడం మానేశాను. ఆ చెయ్యి మాత్రం ఇంకా చాపే ఉంది."

ఆయన తిరిగొచ్చాక ఆమె నా వైపు చూస్తూ అంది. "మరిదీ, ఆయనకి చెప్పు. మనసు లాగినప్పుడు కొట్లాడొద్దు, కిందికి మునగమను. ఎలా మునగాలో ఆయనే ఒకళ్ళకి నేర్పాడు."

ఆయన కిటికీతో చెప్పినట్టు అన్నాడు. "ఆవిడకి చెప్పు. నేర్చుకున్నవాళ్ళు ముక్కులోకి నీళ్ళెక్కించుకుని ఊరంతా వినపడేలా ఏడ్చారు."

ఉనైసి గోడ వైపు తిరిగి నవ్వింది. భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆయన పెదవి కూడా ఒక పక్కకి వంగింది. వాళ్ళిద్దరి మధ్య నా మంచం ఒక్కటే ఉంది.

ఆ సాయంత్రం షెడ్డు వెనక పొగ లేవలేదు. మర్నాడూ లేవలేదు. ఆయన చెమటలు పట్టి, పిడికిళ్ళు బిగించుకుని పడుకునేవాడు. మామిడి ముక్కల గిన్నె నా మీదుగా ఆయన మంచానికి వెళ్ళేది, ఖాళీగా తిరిగొచ్చేది. దీపం ఎరుపు నుంచి పసుపుకి, పసుపు నుంచి పచ్చకి మారింది.

పై దేశం డాక్టర్లు వచ్చారు. సాయంత్రం తమ కళ్ళ ముందు ఊదించి ఆపరేషన్లు ఖాయం చేస్తామన్నారు. సరిగ్గా ఆ పొద్దున, రోగిని చూడటానికి ఇసిరెలి ఊరివాళ్ళు పడవ దిగారు.

ఉత్త చేతులతో ఎవరొస్తారు? షెడ్డులో చాపలు పరిచారు. ఊరి తరఫున మాట్లాడే ముసలాయన ఎదురుగా కూర్చున్నాడు. దంచి నీళ్ళలో కలిపి గ్రోగ్ అనే పానీయం చేసుకునే మొక్క వేళ్ళ కట్ట, దాని పక్కన పాములా చుట్టిన సుకీ. చేతులు దొప్పల్లా చేసి చప్పట్లు కొట్టారు. ఇచ్చింది పుచ్చుకోవాలి. పుచ్చుకున్నాక వెలిగించి, మొదటి పీల్పు తను పీల్చి, అందరికీ తిప్పాలి. కాదంటే ఊరి మొహాన తలుపు వేసినట్టే. ఇక అది మొదలైతే సాయంత్రం దాకా ఆగదు. ఆపరేషన్లో కాలు కోల్పోయేవాణ్ణి చూశాను కానీ, మర్యాదలో కాలు కోల్పోయేవాణ్ణి అక్కడే చూడబోతున్నాననుకున్నాను.

ఉనైసి తలుపు అవతల నిలబడి నన్ను చేత్తో పిలిచింది. నేను వెళ్ళాను. ఆమె మొహంలో ఎప్పటి కొంటెతనం లేదు.

"ఆడదాన్ని, చెల్లెల్ని. నేనా చాపల మీదికి వెళ్ళలేను. మా వాళ్ళలో చెల్లెలి కొడుకు ఒక్కడికే ఆ హక్కు. మేనమామ ముందున్నది ఏదైనా అడక్కుండా ఎత్తుకుపోవచ్చు. ఎవరూ ఆపకూడదు."

"నీకు కొడుకు లేడు కదా వదినా."

"ఇప్పుడు ఉన్నాడు. వెళ్ళి మీ మామ పొగాకు తీసుకురా."

"నిన్నటిదాకా మరిదిని, ఇవాళ కొడుకునా?"

"ఎగతాళి చెయ్యకురా," అంది. "ఆయన ఒప్పుకుంటే ఒప్పుకుంటాడు. లేకపోతే నిన్ను బయటికి గెంటుతారు. వెళ్తావా?"

వెళ్ళాను. పెద్దల మధ్య చాపల మీద నిటారుగా నడిచాను. అలా నడవడమే తప్పు. ముసలాయన చప్పట్లు ఆగిపోయాయి. వంగి సుకీ చుట్ట ఎత్తాను. మా నాన్న ముప్పై ఏళ్ళు దున్నిన నేల నుంచి పిడికెడు మట్టి తెచ్చుకోవడానికి మాకు హక్కు లేకపోయింది. ఇక్కడ ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు.

"ఎవడీ కుర్రాడు?" అన్నాడు ముసలాయన.

ఇసిరెలి నన్ను చూశాడు. తర్వాత తలుపు వైపు, గడప అవతల కనిపిస్తున్న తెల్ల చెప్పుల జత వైపు చూశాడు. అంతకంటే పైకి చూడలేదు.

"మా మేనల్లుడు," అన్నాడు. "మా చెల్లెలి కొడుకు."

"చెరకు కొట్టేవాళ్ళ కుర్రాడిలా ఉన్నాడే!"

"తండ్రి పోలిక," అన్నాడు ఇసిరెలి, రెప్ప వాల్చకుండా.

ముసలాయన తొడ చరుచుకుని నవ్వాడు. చాపల మీదున్న వాళ్ళందరూ నవ్వారు. "అలా అయితే సగం తీసుకోకురా అల్లుడూ. మొత్తం ఊడ్చుకుపో. సగం వదిలేస్తే మాకు అవమానం!" అంటూ ఒకాయన తన జేబులోది కూడా తీసి నా మీదికి విసిరాడు. నా వెనక ఇసిరెలి చేతులు దొప్పగా చేసి నెమ్మదిగా చప్పట్లు కొడుతున్నాడు. ఇచ్చేశాను అని దానికి అర్థం.

చేతుల నిండా పొగాకుతో బయటికొచ్చి, "ఇదిగో వదినా," అన్నాను గర్వంగా.

"వదినేంట్రా? అమ్మని," అంది.

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. ఆ రోజు నుంచి నన్ను ఏడిపించడం మానేసింది. తిన్నావా, చొక్కా మార్చుకున్నావా అని అడిగేది, అంతే. కొడుకుతో సరసాలేమిటి? ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకుంది. నాకు ఇన్నేళ్ళకి అమ్మ దొరికింది. అయినా పొద్దున్నే ఎక్కడ తలుపు చప్పుడైనా, కల్లోకి ఎవరొచ్చారు మరిదీ అనే గొంతు కోసం ఇప్పటికీ చెవి అటు పోతుంది.

సాయంత్రం పచ్చదీపం వెలిగింది. మర్నాడు ఆయనకి ఆపరేషన్ చేశారు.

మధ్యాహ్నం వార్డుకి తెచ్చి పడుకోబెట్టారు. కాలిలో నెత్తురు పారుతోందో లేదో మాటిమాటికీ చూడాలి. ఆ పూట డ్యూటీ ఉనైసిదే. మేనల్లుణ్ణని నన్నూ లోపలికి రానిచ్చారు. చీలమండ దగ్గర రెండు వేళ్ళు ఆనించి ఆమె నాడి వెతుకుతోంది. అన్న ఒంటిని ముట్టుకోవడం చిన్నతనం తర్వాత అదే మొదటిసారట. నర్సు వేళ్ళకి వరస లేదు, అంది నాతో, నేను అడక్కుండానే.

ఆయనకి ఇంకా మత్తు దిగలేదు. రెప్పలు సగం తెరుచుకున్నాయి, చూపు ఎక్కడో ఉంది. పెదవులు కదిలాయి.

"ఉనా," అన్నాడు. "నీ వంతు."

ఆమె వేళ్ళు చీలమండ మీదే ఆగిపోయాయి. కిటికీ వైపు తిరిగి నోటితో గట్టిగా ఊపిరి పీల్చింది. లోపలే పట్టుకుంది. చాలాసేపటికి సన్నగా, నెమ్మదిగా వదిలింది.

"విన్నావురా?"

"విన్నాను."

"మామకి చెప్పకు. సిగ్గుపడతాడు." కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇంకాసేపు కూర్చుంటా. మళ్ళీ అంటాడేమో."

మత్తు దిగేదాకా కూర్చుంది. ఆయన మళ్ళీ అనలేదు. చూపు నిలిచాక మొదట నన్ను గుర్తుపట్టాడు, ఆ తర్వాత పక్కన తెల్లబట్టలు కనిపించి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నాలుక తడారిపోయి మాట సరిగ్గా రాలేదు.

"అల్లుడూ, ఆవిడకి చెప్పు, కాలు వెచ్చగా ఉందని."

ఆమె చెయ్యి ఇంకా ఆ కాలి మీదే ఉంది.

"ఆయనకి చెప్పరా, నాకు తెలుసని."

చెప్పాను.